లాసన్స్‌బేలో 1986 నాటి డాబా ఇల్లు: బయానా ఇచ్చేముందు ఏమేం చూడాలి?

కొత్తగుమ్మం
అందరికీ నమస్కారం. విశాఖపట్నం లాసన్స్‌బే కాలనీలో ఒక ఇల్లు బేరంలో ఉంది. 240 గజాలు, 1986లో కట్టిన గ్రౌండ్ ప్లస్ వన్, సముద్రానికి నేరుగా కొలిస్తే ముప్పావు కిలోమీటరు. పిల్లర్లు, బీములు ఉన్న కట్టడం, 9 అంగుళాల ఇటుక గోడలు. కింద మొజాయిక్, పైన గచ్చు. రెండు నెలల కిందటే ఇల్లంతా పుట్టీ పెట్టి రంగులేశారు. హాలుకీ పెద్ద బెడ్‌రూముకీ స్లాబు కింద పీఓపీ (ప్లాస్టర్ ఆఫ్ పారిస్) ఫాల్స్ సీలింగు, డాబా మీద తెల్ల కూలింగ్ పెయింటు. ఎక్కడా చిన్న మరక కూడా లేదు, అదే అనుమానంగా ఉంది. పిల్లర్ చువ్వలు డాబా మీదికి వదిలేసి ఉన్నాయి, ఇంకో అంతస్తు వేసుకోవచ్చంటున్నారు. దేని తర్వాత ఏది చూడాలి? ఎవరిని పిలవాలి?

పిట్టగోడ
రంగు వేసేవాడి చెయ్యి ఆడని చోట్ల నుంచి మొదలుపెట్టండి. మెట్ల కింద, అటకల లోపల, డాబా మీద ట్యాంకు దిమ్మ అడుగున, సన్‌షేడ్ల అడుగు భాగం, వెనక సందువైపు గోడ, మీటరు బోర్డు వెనక, గోడ బీరువాల వెనక పలక. హాల్లో ఎంత పుట్టీ పెట్టినా ఈ చోట్ల పాత చరిత్ర అలాగే ఉంటుంది. పాత ఫొటోలు కూడా అడగండి. 2014 అక్టోబరు 12 హుద్‌హుద్ తుఫాను తర్వాత ఏమేం మార్చారో, ఏ కిటికీల్లోంచి నీళ్లొచ్చాయో విడిగా అడగండి. ఆ రోజు అడ్డంగా కొట్టిన వాన ఎక్కడ దూరిందో అక్కడ ఇప్పటికీ దారి ఉంటుంది.

స్లాబుడాక్టర్
ముందు ఇనుము సంగతి చూడండి, మిగతావన్నీ దాని తర్వాతే. ఈ ఊళ్లో పాత ఇంటిని తినేది ఒట్టి చెమ్మ కాదు, చెమ్మతో పాటు లోపలికెళ్లే ఉప్పు.

కాంక్రీటుకి సహజంగా క్షారగుణం ఉంటుంది. ఆ క్షారం వల్ల చువ్వ చుట్టూ పల్చటి పొర ఏర్పడి తుప్పు పట్టనివ్వదు. ఆ పొర రెండు దారుల్లో పోతుంది. గాలిలోని కార్బన్ డయాక్సైడ్ ఏళ్ల తరబడి లోపలికి దిగి క్షారాన్ని చంపేయడం ఒకటి, దీన్ని కార్బొనేషన్ అంటాం. సముద్రపు గాలి మోసుకొచ్చిన ఉప్పులోని క్లోరైడు చువ్వ దాకా చేరడం రెండోది. 1986లో ఇళ్ల స్లాబులకి 1:2:4 (సిమెంటు, ఇసుక, కంకర) కలిపి, అంటే ఎం15 రకం కాంక్రీటుతో, అడుగున 15 మి.మీ. కవరు (చువ్వని కప్పే కాంక్రీటు మందం) ఇచ్చేవాళ్లు. అదీ సరిగ్గా ఇస్తే. ఇప్పటి ఐఎస్ 456 (కాంక్రీటు కట్టడాలకి మన దేశపు ప్రమాణం) తీరప్రాంతపు గాలికి నేరుగా గురయ్యే కట్టడానికి ఎం30 కాంక్రీటు, 45 మి.మీ. కవరు అడుగుతుంది. మూడో వంతు కవరుతో ఆ స్లాబు దాదాపు నలభై ఏళ్లు లాక్కొచ్చిందన్నమాట.

తుప్పు పట్టిన ఇనుము రెండు నుంచి ఆరు రెట్లు ఉబ్బుతుంది. ఉబ్బి కింది కవరును తోసేస్తుంది. అందుకే బీట ఎలా నడుస్తోందో చూడాలి. చువ్వ వెంబడే తిన్నగా, అరడుగు దూరంలో పక్కపక్కన నడిచే బీటలైతే తుప్పు. సాలెగూడులా, ఎటు పడితే అటు పోయే సన్న గీతలైతే ఎక్కువగా పూత ఆరేటప్పుడు వచ్చినవి, భయం లేదు. గుమ్మం మూల నుంచి ఏటవాలుగా పైకి పోయే బీట వేరే కథ, దానికి పునాది కుంగిందేమో చూడాలి.

పీఓపీ సీలింగు ఉంది కాబట్టి ఇలా చేయండి. అందులో బిగించిన ఎల్‌ఈడీ లైట్లు రెండు పక్కల స్ప్రింగు క్లిప్పుల మీద ఆగుతాయి. మెయిన్ ఆపించి, లైటు అంచు పట్టుకుని మెల్లగా కిందికి లాగితే ఊడొస్తుంది. ఆ కన్నంలోంచి ఫోను పెట్టి ఫ్లాష్ వేసి నాలుగు వైపులా వీడియో తీయండి. గదికి రెండు కన్నాలు చాలు. గోధుమరంగు మరకలు, పెచ్చులు పీఓపీ పలకల వీపు మీద పడి ఉంటే అక్కడే తెలిసిపోతుంది. లైటు ఊడదీయడానికి కూడా ఒప్పుకోకపోతే అదే మీకు సమాధానం.

తర్వాత పావు కిలో సుత్తి పట్టుకుని ఇల్లంతా తట్టాలి. గట్టి కాంక్రీటు ఠంగ్ అంటుంది, పెచ్చు లేచింది డొల్లగా బొంగురుగా పలుకుతుంది. అడుగు అడుగు గడులుగా సుద్దముక్కతో గీసుకుని, డొల్ల పలికిన గడికి గుర్తు పెట్టండి. ఒక స్లాబులో నాలుగో వంతు గడులు డొల్ల పలికితే అది రిపేరు కాదు, స్లాబు మార్చడం కింద లెక్కేసుకోవాలి.

వీటిలో ఎవరూ చూడనిది బాల్కనీ. గదుల స్లాబులో అసలు చువ్వలు అడుగున ఉంటాయి. బాల్కనీ, సన్‌షేడ్ లాంటి వేలాడే స్లాబుల్లో పైన ఉంటాయి. అడుగున చూస్తే బాగానే ఉంటుంది. పైన గోడకు ఆనుకున్న చోట పొడవునా బీట ఉండి, వాలు తప్పి అక్కడ నీళ్లు నిలుస్తుంటే చువ్వ తుప్పు పడుతున్నట్టే. ఇవి ముందుగా చెప్పి పడవు. బాల్కనీ మీద టైల్సు పరిచి ఉంటే గోడవైపు ఒక టైలు లేపించి చూడాల్సిందే.

ఇక పైకి వదిలేసిన పిల్లర్ చువ్వలు. అంతస్తు వేస్తామని వదిలి, కప్పకుండా ఇన్నేళ్లు వానకీ ఉప్పుగాలికీ వదిలేస్తే తుప్పు పైనుంచి పిల్లర్ లోపలికి దిగుతుంది. కాంక్రీటు కలిసే చోట చువ్వ నడుము సన్నబడి ఉంటుంది, అక్కడ కొలవండి. ఇంకో అంతస్తు మాట మర్చిపోండి. పునాది పక్కన నాలుగైదు అడుగుల గొయ్యి తీయించి ఫుటింగ్ (పిల్లర్ అడుగు దిమ్మ) సైజు కొలిపించి, ఇంజినీరు లెక్కగట్టి ఇస్తే అప్పుడు ఆలోచించొచ్చు.

కొత్తగుమ్మం
చాలా ఉపయోగంగా ఉంది సార్. అమ్మేవాళ్లు "మా ఇంజినీరు సుత్తి టెస్టు చేసి రిపోర్టిస్తాడు" అంటున్నారు. అది సరిపోతుందా?

స్లాబుడాక్టర్
రీబౌండ్ హ్యామర్ గురించి అయ్యుంటుంది. అది పైపొర గట్టిదనమే చెబుతుంది. కార్బొనేషన్ అయిన పాత కాంక్రీటుకి పైపొర గట్టిపడుతుంది కాబట్టి అంకె ఉన్నదానికంటే ఎక్కువే చూపిస్తుంది. పుట్టీ, పూత గీకకుండా కొట్టిన రీడింగు ఎందుకూ పనికిరాదు. దానికి తోడు అల్ట్రాసోనిక్ పల్స్ టెస్టు (కాంక్రీటులో ధ్వని తరంగం ఎంత వేగంగా పోతుందో కొలిచేది) ఉంటే కొంత నయం: సెకనుకి 3.5 కి.మీ. పైన ఉంటే మంచిది, 3 కంటే తక్కువైతే అనుమానించాలి. కానీ ఈ రెండూ కాంక్రీటు సంగతే చెబుతాయి, చువ్వ తుప్పు గురించి ఒక్క ముక్కా చెప్పవు.

మీరు అడగాల్సినవి రెండే. ఒకటి ఫినాఫ్తలీన్. ఒక చోట కాంక్రీటు అప్పటికప్పుడు పగలగొట్టి, దుమ్ము ఊది, స్పిరిట్‌లో కలిపిన 1 శాతం ఫినాఫ్తలీన్ చల్లుతారు. క్షారం ఉన్నంత మేరా ముదురు గులాబీ రంగు వస్తుంది, చచ్చిపోయిన మేరా రంగు రాదు. రంగు రాని లోతు కవరు కంటే ఎక్కువైతే చువ్వకి రక్షణ పోయినట్టు.

రెండోది క్లోరైడు. డ్రిల్లుతో పొడి తీసి ల్యాబుకి పంపాలి, కానీ మూడు లోతుల్లో విడివిడిగా: 0–15, 15–30, 30–45 మి.మీ. పైన ఎక్కువగా ఉండి లోపలికెళ్లే కొద్దీ తగ్గితే ఉప్పు గాలి నుంచి వచ్చింది. మూడు లోతుల్లోనూ ఒకేలా ఎక్కువ ఉంటే కట్టేటప్పుడే కలిసింది, ఉప్పు ఇసుకో ఉప్పు బోరు నీళ్లో. మొదటిదానికి వైద్యం ఉంది. రెండోదానికి లేదు, అలాంటి ఇంటికి స్థలం ధర మాత్రమే కట్టండి. ల్యాబుకి ఎన్‌ఏబీఎల్ (ల్యాబులకి గుర్తింపునిచ్చే జాతీయ సంస్థ) గుర్తింపు ఉందో లేదో చూసుకోండి.

తాపీపని
డాక్టరు గారూ, మీరు రెండు లక్షల పనికి పది టెస్టులు చెబుతున్నారు. సుత్తి, ఉలి, మందం కొలిచే వెర్నియర్ ఉంటే సగం తెలిసిపోతుంది. పెచ్చు లేచిన చోట ఉలితో ఒక జానెడు విప్పి, చువ్వని వైర్ బ్రష్‌తో తళతళలాడేదాకా రుద్ది, మూడు చోట్ల కొలవండి. 8 మి.మీ. చువ్వ 6 చూపించిందనుకోండి, పావు వంతే పోయిందనుకుంటారు. కాదు. మందం పావు వంతు పోతే బలం 44 శాతం పోయినట్టు. 20 శాతం దాటితే పక్కన కొత్త చువ్వ కట్టాల్సిందే.

రిపేరు ఎలా చేస్తారో అడగడం కూడా ఇన్‌స్పెక్షనే. "సిమెంటు పూసేస్తాం" అనేవాణ్ణి గేటు దగ్గరే పంపించేయండి. చువ్వ వెనక కూడా వేలు దూరేంత, 20–25 మి.మీ., కాంక్రీటు తీసేయాలి. సగం పాత కాంక్రీటులో సగం కొత్తదాంట్లో చువ్వ ఉంటే అది ఇంకా తొందరగా పోతుంది. తుప్పంతా తీసి జింకు ప్రైమరు రెండు కోట్లు, బాండింగ్ కోటు, అది జిగటగా ఉండగానే పాలిమర్ మోర్టారు, విడతకి 10–15 మి.మీ. మించకుండా. ఏడు రోజులు తడపాలి. సముద్రపుగాలిలో ఆరబెట్టేసి తడపకపోతే అంచుల్లో విడిపోతుంది.

స్లాబుడాక్టర్
తాపీ గారూ, మీ పని వరసకి తిరుగులేదు. కానీ ఒక్కటి చెప్పాలి. ఉప్పెక్కిన స్లాబులో ఒక ముక్క మాత్రం చక్కగా బాగుచేస్తే దాని చుట్టూ రెండేళ్లలో కొత్త పెచ్చులు లేస్తాయి. అంతకుముందు తుప్పు పడుతున్న ముక్క పక్క చువ్వని కాపాడుతూ ఉండేది, బ్యాటరీలో ఒక పలక కరిగి ఇంకోదాన్ని కాపాడినట్టు. ఆ ముక్క బాగైపోయాక కరగడం పక్కదాని వంతు. జనం మేస్త్రిని తిడతారు, మేస్త్రి సిమెంటుని తిడతాడు. అందుకే క్లోరైడు ఎంతుందో తెలియకుండా ప్యాచ్ వేయొద్దంటున్నాను, టెస్టుల మీద మోజుతో కాదు.

తాపీపని
అది ఒప్పుకుంటాను. రెండో వానాకాలానికి మళ్లీ పిలుపు రావడం ఈ తీరం వెంబడి మామూలే.

ఉసిళ్లవాన
చెదల సంగతి. ద్వారబంధాల కింది చివర, నేల నుంచి జానెడు దాకా, స్క్రూడ్రైవరుతో పొడవండి. మంచి టేకైతే దిగదు. లోపల తినేసి పైన రంగు మాత్రమే మిగిలితే అట్టపెట్టెలో దిగినట్టు దిగుతుంది. గుమ్మానికి కొత్త రంగేస్తే కంటికేం తెలియదు, పొడిస్తేనే తెలుస్తుంది. కప్‌బోర్డు వెనక, అటక మీద, మెట్ల కింద మట్టి దారులు వెతకండి. దొరికితే మధ్యలో ఒక అంగుళం గీకి, నాలుగైదు రోజులాగి చూడండి. మళ్లీ మూసుకుంటే లోపల బతికున్నాయి. కిటికీ గట్ల మీద రాలిన రెక్కలు కుప్పగా ఉంటే తొలకరికి ఉసిళ్లు ఆ ఇంట్లోంచే లేచాయనుకోవాలి.

పిండిలాంటి పొడి, గుండుసూది కన్నాలు ఉంటే అది చెద కాదు, పుచ్చు. ఆ మందు వేరు, నేలలో కొట్టే మందు దానికి పనికిరాదు.

మందు కొట్టించేటప్పుడు గోడ, నేల కలిసే చోట 12 మి.మీ. కన్నాలు అడుగుకొకటి వేసి, ఇమిడాక్లోప్రిడ్ 30.5 శాతం మందు లీటరు నీటికి 2.1 మి.లీ. చొప్పున కలిపి, కన్నానికి లీటరు దాకా పట్టించాలి. కన్నానికి చెంబెడు పోసి పదేళ్ల గ్యారంటీ రాసిచ్చేవాళ్లు చాలామంది ఉన్నారు. ఎన్ని కన్నాలు, ఎన్ని లీటర్లు అని ముందే కాగితం మీద రాయించుకోండి. బావో బోరో పక్కనే ఉంటే ముందే చెప్పండి, అటువైపు మందు కొట్టకూడదు.

డంగుసున్నం
గోడ చెమ్మ అనగానే అందరూ వాటర్‌ప్రూఫింగ్ అంటారు. ముందు అది ఏ చెమ్మో తేలాలి.

నేల చెమ్మైతే కింది నుంచి మూడు అడుగుల లోపు, ఏడాదంతా ఉంటుంది. పైఅంచున తెల్ల ఉప్పు గీతలా కడుతుంది, పూత పిండిలా రాలుతుంది. పునాది మట్టం మీద డీపీసీ పొర (నేల చెమ్మ గోడలోకి ఎక్కకుండా వేసేది) లేకపోయినా, చుట్టూ నేల ఎత్తుచేసి ఆ పొర మునిగిపోయినా ఇది వస్తుంది. ఈ ఊళ్లో రెండోదే ఎక్కువ. రోడ్డు వేసిన ప్రతిసారీ ఎత్తు పెరిగి ఇంటి బేస్‌మెంటు రోడ్డు కంటే కిందికి పోయిన వీధులు ఎన్నో. గేటు దగ్గర నిలబడి రోడ్డు మట్టానికీ హాలు మట్టానికీ తేడా కొలవండి. గెడ్డ (వాగు) పక్కనుంటే ఇంకా జాగ్రత్త.

వాన చెమ్మ కిటికీ కింది మూలల్లో, సముద్రం వైపు గోడలో, వాన పడ్డ రోజు ముదిరి తర్వాత తగ్గుతుంది. పైపు చెమ్మకి వానతో సంబంధం ఉండదు, ఒక మచ్చ దగ్గర నుంచి గుండ్రంగా పాకుతుంది.

నాలుగోది ఎవరూ నమ్మరు: ఏసీ చెమ్మ. గాలి 30 డిగ్రీలు, తేమ 80 శాతం ఉన్న రోజు 26 డిగ్రీల కంటే చల్లగా ఉన్న ఏ వస్తువు మీదైనా నీళ్లు కడతాయి. బెడ్‌రూములో ఏసీ 22 మీద పెట్టి రాత్రంతా నడిపితే ఆ గోడ అవతలి ముఖం చల్లబడుతుంది. అవతల గాలాడని అటకో, బీరువానో ఉంటే అక్కడ బూజు పడుతుంది. లీకు అనుకుని గోడ తవ్వుతారు, నీళ్ల చుక్క దొరకదు.

తేల్చుకోవడం తేలికే. వంటింటి అల్యూమినియం ఫాయిలు అడుగు చదరం ముక్క గోడకి పెట్టి నాలుగు అంచులా టేపు వేసి రెండు రోజులుంచండి. ఫాయిలు వెనక తడుంటే గోడ లోపలి నుంచి, ముందు తడుంటే గాలి నుంచి. ఒక హెచ్చరిక: సూదులు గుచ్చే మాయిశ్చర్ మీటర్లు ఉప్పున్న గోడలో ఆరిపోయినా ఎక్కువే చూపిస్తాయి. బీచి దగ్గరి ఇళ్లలో దాని అంకె పట్టుకుని పోట్లాడకండి.

నేల చెమ్మ ఉన్న గోడకి పైన టైల్సో, ప్లాస్టిక్ పెయింటో, వాటర్‌ప్రూఫ్ పుట్టీయో వేస్తే నీళ్లు ఇంకా పైకెక్కుతాయి తప్ప ఆగవు. ఇప్పటి మీ ఇంటికి వర్తించదు కానీ, వన్‌టౌన్, మహారాణిపేట వైపు డంగు సున్నంతో కట్టిన పాత ఇళ్లు చూసేవాళ్లు సిమెంటు పూత వేసి ఉన్న గోడని రెండింతలు అనుమానించండి. సున్నపు గోడ ఊపిరి పీలుస్తుంది, సిమెంటు దాని ముక్కు మూస్తుంది.

ఫేజ్‌న్యూట్రల్
పాత ఇళ్లలో చాలాచోట్ల ఎర్త్ వైరుని జీఐ (జింకు పూత ఇనుము) నీళ్ల పైపుకి చుట్టేసేవాళ్లు. తర్వాత ఎవరో ప్లంబరు తుప్పు పైపు తీసి కరెంటు పారని సీపీవీసీ ప్లాస్టిక్ పైపు వేస్తాడు. ఆ రోజు నుంచి ఇంటికి ఎర్తింగ్ లేదు, ఎవరికీ తెలియదు కూడా. ప్లగ్గులో మూడో కన్నం ఉంది కదా అని మోసపోకండి. ప్రత్యేక ఎర్త్ పిట్ ఉందా, దానికి వెళ్లే వైరు తుప్పు పట్టి తెగిపోలేదా చూడండి. 40 మి.మీ. జీఐ పైపు రెండున్నర మీటర్లు నేలలో దింపాలి. ఎర్త్ టెస్టరుతో కొలిస్తే 5 ఓమ్‌ల లోపుంటే ఇంటికి బాగున్నట్టు.

మెయిన్ ఆపి, బల్బులూ ఫ్యాన్లూ అన్నీ విడదీసి 500 వోల్టుల మెగ్గరుతో (వైరు ఇన్సులేషన్ కొలిచే మీటరు) ఒక్కో సర్క్యూట్ కొలిపించండి. 1 మెగా ఓమ్ కంటే తక్కువైతే ఆ వైరు మార్చాలి. వీలైతే వాన పడ్డ మర్నాడు కొలిపించండి, ఎండాకాలంలో బాగున్న వైరింగే గోడ తడిస్తే బోల్తా కొడుతుంది. స్విచ్‌బోర్డు ఒకటి విప్పితే రాగి కొసలు పచ్చబడ్డాయా, ఎర్రగా ఉన్నాయా కనిపిస్తుంది. 30 మిల్లీ ఆంపియర్ల ఆర్‌సీసీబీ (కరెంటు లీకైతే దానంతటదే ఆపేసే స్విచ్) లేకపోతే పెట్టించడం తప్పనిసరి. ఉండి, దాన్ని బైపాస్ చేసి ఉంటే "వానల్లో ఊరికే పడిపోతోందని తీసేశాం" అంటారు. పడిపోవడమే దాని పని. లీకు ఎక్కడుందో వెతకాలి.

పిట్టగోడ
డాబాకి వస్తే. తెల్ల పెయింటు కింద ఏముందో ముఖ్యం. చాలాచోట్ల పాత ఇటుక ముక్కల కోబా (నీళ్లు దిగకుండా పరిచిన పొర) ఉంటుంది. దాని లోపల నీళ్లు చేరితే పైన ఎన్ని కోట్లు వేసినా పొక్కులే. పొద్దున్నే, ఎండ రాకముందే డాబా ఎక్కి పొక్కులు నొక్కి చూడండి, మెత్తగా ఉంటే అడుగున నీళ్లున్నాయి. వాలు మూడు మీటర్లకి కనీసం 3 సెం.మీ. ఉండాలి. రెండు బకెట్ల నీళ్లు నడిమధ్య పోసి ఎటు పోతున్నాయో చూస్తే చాలు. తూముల చుట్టూ, పిట్టగోడ మొదట్లో మూల గుండ్రంగా తిప్పారా లేదా చూడండి. పిట్టగోడ పగుల్లో రావి మొక్క ఉంటే పైన కోసి ఊరుకోవద్దు, వేరు దాకా తవ్వి పగులు పూడ్చాలి.

నీళ్లు కట్టి పరీక్ష చేయొచ్చు కానీ 25 మి.మీ. మించొద్దు. అదే చదరపు మీటరుకి 25 కిలోలు. జానెడు లోతు కట్టేవాళ్లుంటారు, పాత స్లాబుకి అది పరీక్ష కాదు, శిక్ష.

బాత్‌రూములకి తూముకి గుడ్డ కుక్కి, నేల మీద అంగుళం నీళ్లు కట్టి ఒక రోజు వదిలేయండి. నీళ్లలో బట్టల నీలిమందు కలిపితే కింద సీలింగు మీద రంగు పడుతుంది, అప్పుడు వాదన ఉండదు. ఆ టెస్టులో ఏమీ రాక, ఫ్లష్ లాగినప్పుడు మాత్రమే కారితే నేల కాదు, పైపు జాయింటు. రెండింటి ఖర్చుకీ పొంతనే ఉండదు.

వేసవిలో కొంటుంటే సముద్రం వైపు గోడకి గొట్టంతో నీళ్లు కొట్టండి, కింది నుంచి పైకి, ఒక్కో పట్టీకి పావుగంట. పై నుంచి మొదలుపెడితే ఎక్కడ దూరిందో తేలదు.

బోరు నీళ్లు కూడా ల్యాబులో ఇవ్వండి. తాగే నీటికి టీడీఎస్ (నీళ్లలో కరిగిన లవణాలు) లీటరుకి 500 మి.గ్రా. లోపైతే మేలు, వేరే దిక్కు లేకపోతే 2000 దాకా. రిపేరు కాంక్రీటులో కలిపే నీటికి క్లోరైడు లీటరుకి 500 మి.గ్రా. మించకూడదు. మించితే పనికి ట్యాంకరు తెప్పించుకోవాలి. మళ్లీ ఉప్పు నీళ్లతోనే ఉప్పు రోగానికి మందు వేసేవాళ్లని చూస్తూనే ఉంటాం.

ఈసీ_తీశారా
కాగితాలు క్లుప్తంగా. ప్లాను వుడా (అప్పటి పట్టణాభివృద్ధి సంస్థ) అప్రూవల్‌దో, కార్పొరేషన్‌దో, అందులో ఎన్ని అంతస్తులున్నాయో, కట్టింది దానికి సరిపోతోందో. ఈసీ (ఆస్తి మీద లావాదేవీలు, అప్పులు చూపే ఎన్‌కంబరెన్స్ సర్టిఫికెట్) ఇల్లు కట్టిన ఏడాది కంటే ముందు నుంచీ తీయండి. 22ఏ జాబితాలో (రిజిస్ట్రేషన్ నిషేధించిన భూములది) సర్వే నంబరు లేదని చూసుకోండి. ఒక్క మాట: వాస్తు చూడటానికి పెట్టే టైములో సగం డాబా మీద పెట్టండి.

కొత్తగుమ్మం
అందరికీ చాలా థాంక్సండీ. రిపోర్టులు వచ్చాయి. హాలు సీలింగు కన్నంలోంచి చూస్తే సముద్రం వైపు కిటికీ దగ్గర రెండు చోట్ల గోధుమ మరకలు, ఒక పెచ్చు. అక్కడ విప్పి కొలిస్తే 8 మి.మీ. చువ్వ 7.1 ఉంది. కవరు 14 మి.మీ. ఫినాఫ్తలీన్ రంగు రాని లోతు 22 మి.మీ. క్లోరైడు ఘనపు మీటరుకి కిలోల్లో: మొదటి పొర 1.6, రెండోది 0.9, మూడోది 0.3. డొల్ల గడులు హాల్లో 96లో 9, మిగతా గదుల్లో లేవు. బాల్కనీ మీద గోడ పొడవునా బీట ఉంది. ఎర్త్ లేదు, ఫేజ్‌న్యూట్రల్ గారు చెప్పినట్టు సీపీవీసీ పైపుకి చుట్టి ఉంది! రోడ్డు కంటే హాలు మట్టం 40 సెం.మీ. ఎత్తు.

స్లాబుడాక్టర్
7.1 అంటే చువ్వ బలం 21 శాతం పోయింది, తాపీ గారి గీత మీదే ఉంది. ఆ రెండు చోట్లా పక్కన కొత్త 8 మి.మీ. చువ్వ కట్టించండి. గట్టి కాంక్రీటులోకి రెండు వైపులా 40 సెం.మీ. పైన పోవాలి.

క్లోరైడు లోపలికెళ్లే కొద్దీ తగ్గింది, కాబట్టి కట్టేటప్పుడు మంచి ఇసుకే వాడారు. ఇది పెద్ద ఊరట. కవరు 14 మి.మీ. కాబట్టి చువ్వ మొదటి, రెండో పొరలు కలిసే చోట ఉంది, అంటే అక్కడ 1.6కీ 0.9కీ మధ్య. అప్పటి సిమెంటు పాలు బట్టి 1.2 ప్రాంతంలో ప్రమాదం మొదలవుతుంది. పైగా కార్బొనేషన్ చువ్వని దాటిపోయింది, అలాంటప్పుడు తక్కువ ఉప్పైనా పని చేస్తుంది. ఆ తొమ్మిది గడులూ, వాటి చుట్టూ ఒక్కో గడీ చువ్వ వెనక దాకా తీసి కట్టించండి. మిగతా హాలు అడుగుకి పీఓపీ తీసేశాక యాంటీ కార్బొనేషన్ కోటింగు. పీఓపీ మళ్లీ పెట్టకండి, పెట్టినా ఒక తలుపు వదలండి, ఏడాదికోసారి చూడాలి.

బాల్కనీ రిపేరు లెక్కలో వేయకండి. గోడ దాకా కొట్టించి కొత్తగా పోయించే ఖర్చు వేయండి. కొట్టేదాకా దాని మీదా, దాని కిందా మనిషి నిలబడకూడదు, అమ్మేవాళ్లకి కూడా చెప్పండి.

తాపీపని
హాలు పని చేసేటప్పుడు కింద జాకీలు (స్లాబుని మోసే ఇనప గుంజలు) పెట్టకుండా ఉలి పట్టొద్దు. ఒకేసారి అంతా విప్పకుండా, కిటికీ వైపు నుంచి మీటరు వెడల్పు పట్టీలుగా, ఒకటి విడిచి ఒకటి.

కొత్తగుమ్మం
అలాగే. బేరంలో హాలు స్లాబు, బాల్కనీ, వైరింగు మూడింటికీ విడివిడిగా కొటేషన్లు తెప్పించి తగ్గించమని అడగబోతున్నాను. అగ్రిమెంటులో ఏమైనా రాయించుకోవాలా?

ఈసీ_తీశారా
రాయించుకోండి. బయానా తీసుకున్న రోజు నుంచి రిజిస్ట్రేషన్ దాకా ఇంట్లో ఎక్కడా పుట్టీ గానీ రంగు గానీ వేయకూడదని. ల్యాబు రిపోర్టుల కాపీలు, పెచ్చు విప్పిన చోట్ల ఫొటోలు అనుబంధంగా జతచేసి ఇద్దరూ సంతకాలు పెట్టండి.